ఎండలో పూసిన అద్దాల నూనె

ఆమెర్ నేనిచ్చిన టీ తాగలేదు. గ్లాసుని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, ఆ వేడినే తాగుతున్నట్టు కూర్చున్నాడు.

"మధ్యాహ్నం నమాజు నుంచి చీకటి పడేదాకా ఎక్కడున్నావు?"

"చెప్పాను కదా పిన్నీ. ఆవుల దగ్గర."

"ఎవరైనా చూశారా?"

"ఆ పొగమంచులో ఎవరు చూస్తారు? నా చెయ్యి నాకే కనబడలేదు. ఆవుల్ని పేరు పెట్టి పిలిచాను. అవి అరిస్తే ఉన్నాయి అనుకున్నాను."

"నమాజు ఎక్కడ చేశావు?"

"అక్కడే. ఒక్కణ్ణే." గ్లాసులోకి చూస్తూ అడిగాడు. "నాన్న సమాధికి తల దగ్గర రాయి ఎవరు పెట్టారు?"

"మీ మేనమామ."

"ఆయన వంగలేడు కదా పిన్నీ. మోకాళ్ళు పోయాయి."

తండ్రిని మట్టిలో పెట్టేటప్పుడు కూడా వాణ్ణి వదల్లేదు మా పోలీసులు. ఎందుకు వదులుతారు? తండ్రిని చంపినవాడని కదా లోపల పెట్టారు.

నాలుగు రోజుల కిందట, పొద్దు వాలే వేళ, ఆమెర్ తండ్రి మబ్ఖూత్ కారు కొండదారి మలుపులో లోయలోకి పోయింది. మబ్ఖూత్ పక్క సీట్లో, బెల్టు పెట్టుకునే చనిపోయి ఉన్నాడు. తలకి దెబ్బ. నడిపేవాడి సీటు ఖాళీ, ఆ పక్క తలుపు బార్లా తెరిచి ఉంది. తన కారు తాళాలు కొడుక్కి తప్ప ఇంకెవరికీ ఇవ్వడని కొండ మీద అందరికీ తెలుసు. ముందు రాత్రి తండ్రీకొడుకులు ఇల్లెగిరిపోయేట్టు అరుచుకున్నారు. కేసు చూస్తున్న కెప్టెన్ యాకూబ్‌కి ఈ రెండూ చాలాయి. అతని లెక్కలో కొడుకే నడిపాడు, తలమీద కొట్టాడు, కారుని లోయ అంచుకి తోలి తను దూకేశాడు. ఇవాళ సాయంత్రం విమానంలో ఆమెర్‌ని రాజధానికి పంపించేస్తారు. వాడికి కొండ భాష తప్ప అరబ్బీ సరిగ్గా రాదు. అక్కడ వాడు ఏం చెప్పినా సగం తప్పుగానే వింటారు.

స్టేషను గదిలోంచి బయటికొచ్చి, ఎటు పోవాలో తోచక వెనక పెరట్లో పెట్టిన కారు దగ్గరికి వెళ్ళాను.

ఖరీఫ్, మా కొండ వానాకాలం, మొదలై నెల దాటింది. జల్లు పిండి జల్లెడ పట్టినట్టు పడుతోంది. పెరట్లో ఉన్న కార్లన్నిటి అద్దాల మీదా నీళ్ళు పల్చటి పొరలా పరుచుకుని, అద్దం వెనక ఏముందో తెలియకుండా ఉన్నాయి. మబ్ఖూత్ కారు ముందద్దం ఒక మూల బీటలు వారింది గానీ ఊడలేదు. దాని మీద మాత్రం నీళ్ళు పరుచుకోలేదు. సగ్గుబియ్యం చల్లినట్టు బొట్లు బొట్లుగా నిలబడ్డాయి. పక్క అద్దాల మీదా అంతే.

అద్దాల నూనె.

డబ్బాల మీద ఏవేవో పేర్లుంటాయి. మేమందరం దాన్ని ఇలాగే అంటాం. పెద్ద వానలు కురిసే ఊళ్ళలో మంచిదేనేమో. కారు జోరుగా పోతుంటే బొట్లన్నీ గాలికి వెనక్కి కొట్టుకుపోతాయి, తుడిచే పనే ఉండదు. మా జల్లు అలాంటిది కాదు. కొండ మలుపుల్లో నత్తలా పాకే కారు మీద ఆ బొట్లు ఎక్కడివక్కడే కూర్చుంటాయి. ఎదుటి కారు దీపం పడితే ఒక్కో బొట్టూ ఒక్కో దీపమై కూర్చుంటుంది. అందుకే మా కొండవాళ్ళెవరూ దాన్ని ముట్టరు. మా జల్లు చూడ్డానికి ఎండ దేశాల నుంచి వచ్చేవాళ్ళు రాయించుకుంటారు, రెండు మలుపులు ఎక్కాక తిట్టుకుంటారు.

వేలితో అద్దం మీద గీశాను. బొట్లు పక్కకి జరిగాయి తప్ప అద్దానికి అంటలేదు. నూనె బాగా పట్టింది. అంటే రాసేటప్పుడు అద్దం పొడిగా ఉంది. తడి మీద రాస్తే పాలు ఒలికినట్టు తెల్లగా కడుతుంది, నాలుగు తుడుపులకి ఊడిపోతుంది. ఇక్కడ ఒక్క తెల్ల మరక లేదు. తుడిచే రబ్బరు ఎత్తి చూశాను. దాని కింద, నూనెలో చిక్కుకుని, పసుపుపచ్చ దుమ్ము చిటికెడు.

ఈ నెలలో మా వైపు తువ్వాలే ఆరదు. అద్దం ఎలా ఆరింది?

లోపలి వైపు చూస్తే ఇంకో రకం గీతలు కనిపించాయి. గుండ్రంగా, ఎవరో గుడ్డతో సబ్బు రాసినట్టు. ఫోనుతో అన్నీ ఫోటోలు తీశాను.

"ఏం అక్కా, కారుని కూడా విచారిస్తున్నారా? నోరు విప్పిందా?"

యాకూబ్ గొడుగు కింద నిలబడి ఉన్నాడు. వయసులో నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్న, హోదాలో నాకన్నా పైన. ఉత్తర తీరం వాడు. ఇక్కడికి వచ్చి ఏడాది కూడా కాలేదు. రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు.

"మీ మనుషులకన్నా నయం, కెప్టెన్. అడిగినదానికి జవాబు చెబుతోంది."

"కేసు మీది కాదని గుర్తుందా?"

"మబ్ఖూత్ భార్య బఖీతా వాంగ్మూలం లేదు మీ కేసులో. భర్త పోయి ఇంట్లో కూర్చున్న ఆడదాని ముందుకి పరాయి మగవాడైన మీరెలాగూ వెళ్ళలేరు. అది నేనే తీసుకోవాలి."

"ఏం చెబుతుంది? ఏడుస్తుంది. నా కొడుకు బంగారం అంటుంది. ఆ రెండు ముక్కలూ మీ బదులు నేనే రాసుకుంటాను లెండి."

"ఈ అద్దాలకి నూనె ఎవరు రాశారు?"

అతను అద్దం వైపు చూడలేదు. నా వైపే చూశాడు. "రాస్తే నేరమా? నా కారుకీ ఉంది."

"మీరు ఉత్తరాదివారు."

"ఓహో. మీ కొండవాళ్ళయితే జిన్నుల్ని పిలిచి తుడిపిస్తారు కాబోలు."

"సబ్బుతో తుడుస్తాం. మబ్ఖూత్ కూడా అదే చేశాడు, లోపల చూడండి. బయట నూనె రాయించింది వేరే మనిషి. రాయించింది కూడా ఇక్కడ కాదు. ఇక్కడ అద్దం ఆరదు."

"అక్కా." గొంతు తగ్గించాడు. "మీవాళ్ళ మీద మీకు అభిమానం ఉంటుంది. కాదనను. కానీ ఇంటికి వెళ్ళండి, పడుకోండి. ఇంట్లో పలకరించే దిక్కు లేదు కదా అని ఇలా బూడిదలో గవ్వలేరుకుంటూ తిరక్కండి."

ఆ చివరి మాట అబద్ధమైతే తిట్టేదాన్ని. అమ్మ పోయాక మా ఇంట్లో నా గొంతు నేనే మరిచిపోతున్నాను.

నేను గేటు దాకా వెళ్ళేసరికి అతను కానిస్టేబుల్‌కి చెబుతున్నాడు, "ఆ కారుని పాత ఇనుం యార్డుకి తోలించెయ్. రేపు కాదు, ఇవాళే."

*

బఖీతా ఇల్లు కొండ మీద చిట్టచివరిది. తలుపు తీసిన చుట్టాలావిడ నన్ను చూసి పక్కకి తప్పుకుంది. గదిలో ఈ చివర నుంచి ఆ చివరకి తాళ్ళు కట్టి, తాళ్ళ నిండా తడిబట్టలు. కింద సాంబ్రాణి కుంపటి. ఎంత పొగ వేసినా బట్టల్లో ముక్కవాసన పోలేదు.

"రా తుఫూలూ. కూర్చో. ఆ మూల తడిగా ఉంటుంది, ఇటు రా." బఖీతా ఏడవడం లేదు. ఏడ్చి ఏడ్చి ఆపేసిన ముఖం. "అన్నం తిన్నావా?"

"తిన్నాను అక్కా."

"అబద్ధం. మీ అమ్మ కూడా ఇలాగే చెప్పేది." ఖర్జూరం పళ్ళెం నా వైపు జరిపింది. "నా కొడుకు తింటున్నాడా?"

"తినడం లేదు. అందుకే వచ్చాను. ముందు రాత్రి గొడవ దేనికి?"

"తెల్ల ఒంటె గురించి. ఆమెర్ దానికి సీసాతో పాలు పట్టి పెంచాడు. ఉత్తరాది నుంచి ఎవరో కొనడానికి వచ్చాడు. ఈయన అమ్ముతానన్నాడు, వాడు వద్దన్నాడు. అరుచుకున్నారు. మా ఇంట్లో అరవని రోజు ఏదిలే. పొద్దున్నే ఆయన చెప్పులు వాడే తుడిచి గుమ్మంలో పెట్టాడు."

"కొనడానికి వచ్చినవాడి పేరు?"

"ఆడదాన్ని, నాకెందుకు చెబుతాడు? పడుచువాడని మాత్రం అన్నాడు. ఖరీదైన వాచీ పెట్టుకున్నాడట, ఒంటె పళ్ళు చూడ్డం కూడా రాదట. నవ్వాడు."

"పొద్దున కారు అద్దాలు ఎవరు తుడిచారు?"

"ఆయనే. లోపల ఆవిరి పట్టిందని అరిస్తే, గిన్నెలు తోమే సబ్బు పాతగుడ్డకి రాసి ఇచ్చాను."

"బయట నూనె రాశాడా?"

ఆమె నా ముఖం చూసింది, పిచ్చిదాన్ని చూసినట్టు. "ఆయనా? ఆ నూనె రాసిన కారు కనిపిస్తే పక్కకి ఆపి, అది దాటాకే కదిలేవాడు. గుడ్డివాడు వస్తున్నాడు అనేవాడు."

"ఆ రోజు ఎక్కడికి వెళ్ళాడు?"

"ఎక్కడికేంటి, కొండ అవతలికి. నెజ్ద్‌కి. ఒంటెలు అక్కడే కదా ఉన్నాయి."

నేను కుంపటి వైపు చూస్తూ ఉండిపోయాను. ఖరీఫ్‌లో కొండ బురదకి ఒంటెల కాళ్ళు జారతాయి. జల్లు మొదలవగానే వాటిని అవతలి ఎడారికి దింపేస్తాం. ఇక్కడ పుట్టిన పిల్లలకి కూడా తెలుసు. ఉత్తరాది కెప్టెన్‌కి తెలియదు. మబ్ఖూత్ ఒంటెలు ఇంటి పక్క కొండ మీదే ఉన్నాయనుకుని, కారు ఆ పూటంతా ఇటువైపే తిరిగిందని రాసుకున్నాడు. అవతల ఎండ. అద్దం ఆరేది అక్కడే.

"ఈ మాట ఎవరికీ చెప్పలేదా అక్కా?"

"ఎవరడిగారు?"

ఆమె గొంతులో కోపం లేదు. తాడు మీది తడిచొక్కా ఒకటి తిరగేసి మళ్ళీ వేసింది.

"అవతలికి పోతున్నాడు కదా అని నేనే ఒక మూట ఇచ్చాను. ఉతికి మూడు రోజులైనా ఆరలేదు. పంపు వెనక కంచె మీద ఆరేసి, వచ్చేటప్పుడు తెమ్మన్నాను. నా ఆకుపచ్చ అంచు శాలువా, ఆమెర్ చారల లుంగీ, దిండు గలీబులు. కారులో ఉన్నాయా తుఫూలూ?"

"లేవు."

"అయితే ఆయన తేలేదు," అంది. అప్పుడు ఏడ్చింది.

*

కొండ శిఖరం దాటగానే పొగమంచు గోడలా ఆగిపోతుంది. ఇటు జల్లు, అటు మండే ఎండ. ఆ గోడకి కూతవేటు దూరంలో పెట్రోలు పంపు. ఖరీఫ్‌లో కొండమీది ఆడవాళ్ళందరికీ దాని వెనక కంచె తెలుసు. మగవాళ్ళు అవతలికి వెళితే బట్టల మూట చేతికిస్తాం.

కంచె మీద ఆ రోజు ఒకే ఇంటి బట్టలున్నాయి. ఆకుపచ్చ అంచు శాలువా. చారల లుంగీ. నాలుగు రోజుల ఎండకి అట్టల్లా బిగుసుకుపోయాయి. ఎగిరిపోకుండా ఎవరో మూలల మీద రాళ్ళు పెట్టారు.

నేను ఒక్కొక్కటీ తీసి దులిపి మడత పెడుతుంటే, ఒకతను బకెట్టూ సీసా పట్టుకుని వచ్చాడు. యాభై ఏళ్ళ బలూచీ. పేరు ఖుదాదాద్ అని చొక్కా మీద కుట్టి ఉంది.

"అద్దాలకి నూనె రాయమంటారా అమ్మా? అవతల వాన..." అని, నా మాట తీరు వినకముందే ముఖం చూసి నవ్వాడు. "మీరు కొండవాళ్ళు. మీకెందుకులెండి."

"ఈ రాళ్ళు పెట్టింది నువ్వేనా?"

"గాలికి పోతున్నాయని. ఎవరో మరిచిపోయారు."

"మరిచిపోయినవాడు చనిపోయాడు. నీకు తెలుసు."

బకెట్టు కింద పెట్టాడు. "నాకేం తెలియదమ్మా. రోజుకి వంద కార్లు వస్తాయి. అందరి ముఖాలూ ఎక్కడ గుర్తుంటాయి?"

"ముఖాలు గుర్తుండకపోతే బట్టలు ఎవరో ఒకరు పట్టుకుపోతుంటే చూస్తూ ఊరుకునేవాడివి. నాలుగు రోజులు కాపలా కాశావు. ఎవరి కోసం?"

అతను చుట్టూ చూశాడు. పంపు దగ్గర ఒక్క కారు కూడా లేదు. "చెప్పొద్దన్నారు."

"ఎవరు?"

"మీలాంటాయనే. పోలీసాయన."

దిండు గలీబు నా చేతిలోనే ఉండిపోయింది. "మొదటినుంచి చెప్పు. ఆ పోయినాయన కొడుకు జైల్లో ఉన్నాడు, తండ్రిని చంపాడని. సాయంత్రం తీసుకుపోతారు."

"కొడుకా?" ఖుదాదాద్ ముఖం మారింది. "కొడుకు కాదమ్మా. ఆ పడుచాయన కొడుకు కాడు. పొద్దున ఇద్దరూ ఒకే కారులో వచ్చారు. పెద్దాయనే నడుపుతున్నాడు. బట్టలు ఆరేసి, 'చూస్తూ ఉండు బాబూ, మా ఆవిడ చంపేస్తుంది' అని నాతో అన్నాడు. ఒంటెల వైపు వెళ్ళారు. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక తిరిగొచ్చారు. అప్పుడు పడుచాయన నడుపుతున్నాడు. పెద్దాయన పక్క సీట్లో తల అద్దానికి ఆనించి, తలపాగా ముఖం మీదకి లాక్కుని ఉన్నాడు."

"నిద్రలోనా?"

"నిద్రపోతున్నాడనే చెప్పాడు. నూనె రాయనా అంటే తొందరగా రాయమన్నాడు. మాటిమాటికీ పొగమంచు వైపు చూస్తున్నాడు. అవతల వానకి భయపడుతున్నాడేమో అనుకున్నాను. పక్కద్దం రాస్తుంటే పెద్దాయన తల నాకు ఇంత దగ్గర్లో ఉంది." అరచెయ్యి చాచి చూపించాడు. "బట్టలు గుర్తు చేద్దామని అద్దం మీద తట్టాను. రెండుసార్లు తట్టాను. లేవలేదు. పడుచాయన కసిరాడు, వెళ్ళిపోయారు."

బట్టల కోసం ఒక మనిషి అద్దం తట్టాడు. లోపల వినేవాడు లేడు. కొండవాడెవడూ రాయించని నూనె రాయించుకుని, కొండవాడి శవాన్ని పక్కన పెట్టుకుని, ఆ పడుచువాడు మా మలుపుల్లోకి వచ్చాడు. తర్వాత కారుని లోయలోకి తోసి, పొగమంచులో నడుచుకుంటూ పోయాడు.

"పోలీసాయన సంగతి చెప్పు."

"మొన్న వచ్చాడు. గొడుగు కూడా ఉంది చేతిలో, ఇక్కడ ఎండ కదా, నవ్వొచ్చింది నాకు. మంచిగానే అడిగాడమ్మా, మీరు అడిగినట్టే. ఆయన కారుకి నేనే నూనె రాశాను అంతకుముందు. పెద్దాయన కారు అద్దాలు చూడగానే ఇది నా పనేనని తెలిసిందట. పంపు లోపల కెమెరాలో ఆ పడుచాయన బొమ్మ చూపించాను. చూసి కుర్చీలో కూలబడిపోయాడు. మంచినీళ్ళు అడిగాడు. తాగకుండానే ఫోను చేశాడు."

"ఎవరికి?"

"'ఏం చేశావురా తమ్ముడూ' అన్నాడు. అంతే. తర్వాత ఏడ్చాడు. తర్వాత కెమెరా పెట్టె మొత్తం విప్పించి పట్టుకుపోయాడు."

రెండు రోజులు గీయని గడ్డం. పాత ఇనుం యార్డుకి పోయిన కారు. యాకూబ్ నిజం కోసమే ఇక్కడికి వచ్చాడు. నాకన్నా ముందు వచ్చాడు. వచ్చి, తన తమ్ముణ్ణి చూశాడు. అప్పటిదాకా ఆమెర్ మీద అతనిది అనుమానం. ఆ కుర్చీలోంచి లేచాక అది అవసరం.

స్టేషనుకి ఫోను చేశాను. "ఆమెర్‌ని విమానం ఎక్కించకండి. నేను వస్తున్నాను."

"విమానం ఎక్కడిది మేడమ్," అన్నాడు కానిస్టేబుల్. "పొగమంచుకి రద్దయింది. కెప్టెన్ గారే రోడ్డు మీద తీసుకెళతానని బయల్దేరారు. సొంత కారులో."

"తోడు ఎవరిని తీసుకెళ్ళారు?"

"ఎవరూ వద్దన్నారు. కాసేపటి కిందటే బయల్దేరారు. శిఖరం దాకా వచ్చేసుంటారు."

రాజధానికి ఇదొక్కటే రోడ్డు. ఇక్కడి నుంచి రోజంతా ఎడారి, మనిషి కనబడడు. చేతులకి సంకెళ్ళున్న కుర్రాడు దారిలో పారిపోబోయాడని రాసుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

మా పై అధికారికి ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఇంకోసారి చేశాను. ఇంకెవరికి చెయ్యాలో ఫోనులో పేర్లన్నీ చూశాను. స్టేషనులో వాళ్ళందరూ అతని మనుషులే. మిగిలిన పేర్లలో సగం పోయినవాళ్ళవి, నేనే తుడిచెయ్యలేదు.

పంపు ముందు రోడ్డు పని జరుగుతోంది. ఒక పక్క తవ్వేసి, ఒక్క కారు పట్టేంత దారి వదిలారు. నా కారుని ఆ దారికి అడ్డంగా పెట్టి, దీపాలు వేశాను. బట్టల మూట ఖుదాదాద్ చేతికిచ్చాను.

"లోపల పెట్టు. నువ్వూ లోపలే ఉండు. ఏం జరిగినా నీ కళ్ళతో చూసింది మరిచిపోకు."

"మీరొక్కరేనా అమ్మా?"

"ఒక్కదాన్నే."

అతను వెళ్ళలేక వెళ్ళాడు. నేను కారు దాటి ముందుకొచ్చి రోడ్డు మధ్యలో నిలబడ్డాను. ఎదురుగా తెల్లటి గోడ. లోపల ఏముందో తెలియదు. నా వీపు మీద ఎండ చురుక్కుమంటోంది.

ముందు ఇంజను చప్పుడు వినిపించింది. తర్వాత పొగమంచులోంచి బూడిదరంగు కారు బయటికి దూసుకొచ్చింది. వాలులో వచ్చే ఆ వేగానికి ముందద్దం మీది బొట్లన్నీ ఒక్కసారిగా పైకి పాకి, వెనక్కి ఎగిరిపోయాయి. తుడిచినట్టు అద్దం తేటపడింది. లోపలి మనుషులు అరచేతిలో ఉన్నంత స్పష్టంగా కనిపించారు.

యాకూబ్ నడుపుతున్నాడు. పక్కన ఆమెర్, చేతులు ఒళ్ళో, నన్ను చూసి నోరు తెరిచాడు. ఆమెర్ వెనక సీట్లోంచి ఒకడు ముందుకి వంగి, వాడి మెడ చుట్టూ చెయ్యి వేసి ఉన్నాడు. యాకూబ్ ముఖమే, నాలుగైదేళ్ళు చిన్నది.

నేను రెండు చేతులూ పైకెత్తాను.

యాకూబ్ నన్ను చూశాడు. గుర్తుపట్టాడు. అతని పెదవులు కదిలాయి. వెనకవాడు ఏదో అరిచాడు.

కారు వేగం తగ్గలేదు. నేను కదల్లేదు.